స్పాంజి మీద కుట్టు, బర్రె మీద కుట్టు

ప్రశ్న: మా అమ్మాయి పశువైద్య కళాశాలలో చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు కూడా స్పాంజి ముక్కను ముందు పెట్టుకుని గంటల తరబడి కుడుతూ కూర్చుంటోంది. కాలేజీలోనూ ముందుగా రబ్బరు నమూనాల మీదే కోతలు, కుట్లు నేర్పిస్తున్నారట. స్పాంజిని కుట్టిన చేయి రేపు మా బర్రె డొక్కను కోయగలదా?
- ఒక పాడిరైతు, దేవరకొండ

జవాబు: ప్లాస్టిక్ సంచులు మింగి పొట్ట ఉబ్బిన బర్రెకు చేసే ఆపరేషన్‌నే తీసుకోండి. సాధారణంగా పశువును నిలబెట్టి, ఎడమ డొక్క వరకే మొద్దుబారేలా మందు ఇచ్చి, చర్మాన్నీ, దాని కింది మూడు కండర పొరలనూ, లోపలి పలుచని పొరనూ దాటి రూమెన్ అనే పెద్ద పొట్టను తెరుస్తారు. పశువు మెలకువగానే ఉంటుంది. కదులుతుంది, ఒక్కోసారి ఉన్నచోటనే కూలబడుతుంది. అటువంటి వేళ డాక్టరు చూపు పశువు ఊపిరి మీద, నిలకడ మీద, రూమెన్‌లోని మేత దాని చుట్టూ ఉన్న కడుపు ఖాళీలోకి జారకుండా చూడటం మీద ఉండాలి. ముడి ఎలా వేయాలా అని వేళ్లు ఇంకా వెతుక్కుంటూ ఉంటే చూపు వాటి మీదే ఉండిపోతుంది. చూపును వేళ్ల నుంచి విడిపించడానికే మీ అమ్మాయి స్పాంజిని అన్ని గంటలు కుడుతోంది. మా రోజుల్లో నా మొదటి ముడి నేరుగా ఒక మేక మీద పడింది, మరునాటికే ఊడిపోయింది; ఆ నేర్పుకు మూల్యం చెల్లించింది నేను కాదు, మేక.

స్పాంజితోనే ఆగిపోరు. మాంసం దుకాణంలో దొరికే బోటి మంచి గురువు. దానికి గాటు పెట్టి, అంచులు లోపలికి మడతపడేలా రెండు వరుసలు కుట్టి, నీళ్లు నింపి నొక్కితే కుట్టులోని లోపం చుక్కలుగా బయటపడుతుంది. బతికిన పశువులో అదే చుక్క కడుపులోకి కారితే చీము పట్టి ప్రాణం మీదకు వస్తుంది.

అయితే మీ అనుమానంలో నిజం లేకపోలేదు. రబ్బరుకు రక్తం కారదు, వాపు రాదు. రబ్బరు మీద అందంగా బిగిసిన కుట్టు, వాచిన చర్మం మీద మూడో రోజుకు కోసుకుపోవచ్చు. అసలు కోయాలా, మందులతో ఆగవచ్చా అన్న నిర్ణయాన్ని ఏ బొమ్మా నేర్పదు. అందుకే అయిదున్నరేళ్ల చదువులో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంది. అది నిజమైన పశువుల నడుమ గడపవలసిన ఏడాది, సర్టిఫికెట్ కోసం దాటవేయవలసింది కాదు. చేతి నేర్పు కోసమే పశువులపై ప్రయోగాలు చేయడాన్ని వీలైనంతవరకు మానాలని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది కనుక, బొమ్మల దారి ఇప్పుడు పుట్టిన మోజు కాదు. సెలవుల్లో మీ దగ్గరి పశువుల దవాఖానలో, డాక్టరుగారి అనుమతితో, ఆపరేషన్ల వేళ మీ అమ్మాయిని పక్కన నిలబడి సాయం చేయమనండి. ఆ తరువాత ఇంటికి వచ్చి పట్టే స్పాంజి ఆమెకు వేరే పాఠం చెబుతుంది.

ప్రశ్న: ఖరీదైన నమూనాలు కొనలేను. ఇంట్లో ఎలా సాధన చేయాలి?
- పశువైద్య విద్యార్థి, అచ్చంపేట

జవాబు: ముడికి బూటు లేసు చాలు. ముందు చూస్తూ, తరువాత గ్లవుజులు తొడుక్కుని, చివరకు లోతైన డబ్బా అడుగున ముడి వేయండి. లోతులో దారాన్ని పైకి లాగకుండా బిగించడమే అసలు కష్టం. కుట్టుకు స్పాంజి వాడితే, అది నొక్కుకుపోయిన చోటల్లా మీరు అతిగా బిగించారని తెలుసుకోండి. మీ చేతులను ఫోనుతో వీడియో తీసి మీ అధ్యాపకులకు చూపించండి, ఎందుకంటే తప్పుగా వెయ్యిసార్లు చేసిన సాధన ఆ తప్పునే గట్టిపరుస్తుంది. వాడిన సూదులను మూత ఉన్న గట్టి డబ్బాలో వేయండి, ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు.