రాజు పోయాక సింహాసనం ఖాళీయేనా? బల్లార్షా తమ్ముడికి సమాధానం

తమ్ముడూ, ఎంపీఎస్సీ (మహారాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్) మాక్ ఇంటర్వ్యూలో "రాజు చనిపోయాక పట్టాభిషేకం దాకా సింహాసనం ఖాళీయేనా?" అని అడిగితే తడబడ్డానని రాశావు. టెన్షన్ పడకు. రాజవ్వడం వేరు, పట్టాభిషేకం వేరు అని మొదలుపెట్టు. బ్రిటన్‌లో 2022 సెప్టెంబర్ 8న రెండో ఎలిజబెత్ కన్నుమూసిన క్షణమే చార్లెస్ రాజయ్యాడు, పట్టాభిషేకం మాత్రం 2023 మే 6న జరిగింది.

థాయ్‌లాండ్ కథ ఇంకా లోతైనది. 70 ఏళ్లు ఏలిన భూమిబల్ 2016 అక్టోబర్ 13న పోయాడు. యువరాజు వజిరలాంగ్‌కార్న్ సంతాపానికి వ్యవధి కోరి, డిసెంబర్ 1న గానీ రాజరికం స్వీకరించలేదు. ఆ ఏడు వారాలూ ప్రీవీ కౌన్సిల్ (రాజుకు సలహాలిచ్చే మండలి) పెద్ద ప్రేమ్ తిన్సులనోంద రీజెంట్‌గా, అంటే రాజు తరఫున బాధ్యతలు చూసేవాడిగా ఉన్నాడు. తర్వాత కొత్త రాజు పాలనను అక్టోబర్ 13 నుంచే లెక్కగట్టారు, అంటే కాగితం మీద ఖాళీయే లేదు. వారసుడెవరో 1972లోనే తేలిపోయింది కాబట్టి తగవు రాలేదు. కానీ అప్పుడు అధికారం సైనిక ప్రభుత్వం చేతిలో ఉందన్నది కూడా తప్పకుండా చెప్పు. ఆ నిశ్శబ్దమంతా ప్రజల అంగీకారమే అనుకోవడం నా దృష్టిలో సరికాదు.

మరి మన చంద్రపూర్ చరిత్రను ఎందుకు వదిలేశావు? 1853లో నాగపూర్ రాజు మూడో రఘోజీ భోంస్లే కొడుకు లేకుండా చనిపోయాడు. రాజకుటుంబం చేసుకున్న దత్తతను బ్రిటిష్ గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒప్పుకోలేదు, 1854లో రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీలో కలిపేశాడు. ఆ రాజ్యంలో ఉన్న మన చాందా (చంద్రపూర్ పాత పేరు) కూడా దాంతోనే పోయింది. వారసుణ్ని గుర్తించే అధికారం బయటివాడి చేతిలో ఉంటే ఏమవుతుందో బోర్డుకు ఈ ఉదాహరణతోనే చెప్పు.