'చాంట్'కు తెలుగు మాట ఏది?

సందేహం: బైజాంటియం (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం) చివరి శతాబ్దాల చర్చి ఆరాధన మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 'సామ్'కు (psalm, బైబిలులోని స్తుతి పాట) కీర్తన అని రాశాను. 'చాంట్' దగ్గర ఆగిపోయాను. జపం అనాలా, మంత్రోచ్చారణ అనాలా?

సమాధానం: రెండూ కుదరవు. జపమంటే ఒకే నామాన్నో మంత్రాన్నో పెదవి కదిలీ కదలకుండా మళ్లీ మళ్లీ అనుకోవడం. అక్కడివాళ్లు గొంతెత్తి పాడారు. ఇంగ్లీషు ఒక్క మాటలో చుట్టేసిన పనులకు తెలుగులో వేరువేరు మాటలున్నాయి. మీ వాక్యంలో ఏ పని జరుగుతోందో చూసి మాట ఎంచుకోండి.

మఠాల్లో కీర్తనల గ్రంథాన్ని 20 భాగాలు చేసి, మామూలుగా వారానికోసారి, ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో రెండుసార్లు పూర్తి చేసేవారు. ఇది పారాయణ. భాగవత సప్తాహం ఎరిగిన పాఠకుడికి ఇంకేమీ వివరించనక్కర్లేదు.

14వ శతాబ్దంలో గ్రీసులో మఠాలకు నెలవైన ఆథోస్ కొండ మీది గాయకుడు, స్వరకర్త యోహాను కుకుజెలిస్ వంటివారు పెంచిన పద్ధతి వేరు. ఒక్కో చరణాన్ని ఎంతో సాగదీసి, మాటలను తిప్పి తిప్పి, వెనకాముందూ చేసి పాడేవారు. గ్రీకులో దాని పేరుకు 'ఇంపైన ధ్వని' అని అర్థం. దీన్ని 'కీర్తన గానం' అనండి. మధ్యలో మాటలు ఆగిపోయి 'తెరెరెం' వంటి అక్షరాలతోనే పాట నడుస్తుంది. దయచేసి వీటిని 'అర్థంలేని శబ్దాలు' అని రాసి వదిలేయకండి. తిల్లానాలో 'తదరిన' విన్న చెవికి ఇవి కొత్త కావు. 'అక్షరాల ఆలాపన' అంటే చాలు. 'స్వరాక్షరాలు' మాత్రం వద్దు, కర్ణాటక సంగీతంలో ఆ మాటకు వేరే అర్థం ఉంది.

'కీర్తన'ను ఉంచండి. పల్లవి, అనుపల్లవి ఉన్న పాటేమోనని కొందరు పొరబడవచ్చు, అందుకని మొదటిసారి 'దావీదు కీర్తన' అనండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. కీర్తనల సంఖ్యల్లో గ్రీకు బైబిలు లెక్కకూ మన లెక్కకూ చాలాచోట్ల ఒకటి తేడా. సాయంకాల ఆరాధనలో వాళ్లు పాడే 103వ కీర్తన తెలుగు బైబిలులో 104. మన 103, 104 రెండూ 'నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము' అనే మొదలవుతాయి. పక్కన మన సంఖ్య వేయకపోతే, పుస్తకం తెరిచి చూసిన పాఠకుడికి తాను వేరే కీర్తన చదువుతున్నట్టు కూడా తెలియదు.