పాఠకుల ప్రశ్నలు: రోవర్ పరుగు

ప్ర: బిచ్చగత్తె ఎత్తుకుపోయిన పాపను రోవర్ అనే కుక్క వెతికి పట్టే 1905 నాటి మూకీ సినిమా ‘రెస్క్యూడ్ బై రోవర్’ ఒకచోట ఏడు నిమిషాలుంది, ఇంకోచోట అయిదు నిమిషాలైనా లేదు. మధ్యలో కోసేశారా? (తెనాలి)

జ: కోత అనుకునే ముందు వేగం చూడండి. ఈ సినిమా పొడవు 425 అడుగులు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు (విడి బొమ్మలు). అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవారు, సెకనుకు దాదాపు 16 ఫ్రేములు. అంటే అడుగుకో సెకను, మొత్తం 7 నిమిషాల 5 సెకన్లు. దాన్నే సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నడిపిస్తే 4 నిమిషాల 43 సెకన్లలో అయిపోతుంది. మీకు దొరికింది ఆ పొట్టి కాపీ అయితే ప్లేయరులో వేగం 0.67కి తగ్గించండి. బిచ్చగత్తె పాప బట్టలు విప్పే సీను పెట్టుకుని ఆమె చేతులు చూడండి. గబగబా కొట్టుకుంటుంటే ఇంకా తగ్గించాలి.

ప్ర: దీన్ని తీసిందెవరు? మూడుసార్లు తీశారట, నిజమేనా? (హనుమకొండ)

జ: నిజమే. నిర్మాత సెసిల్ హెప్‌వర్త్, స్టూడియో ఇంగ్లండులోని వాల్టన్-ఆన్-థేమ్స్‌లో. దర్శకుడు లెవిన్ ఫిట్జ్‌హామన్. కథ హెప్‌వర్త్ భార్య మార్గరెట్‌ది. తల్లిదండ్రులుగా ఆ దంపతులే నటించారు, పాప వాళ్ల సొంత బిడ్డ, రోవర్ వాళ్లింటి కుక్క బ్లెయిర్. ఖర్చు 7 పౌండ్ల 13 షిల్లింగుల 9 పెన్నీలు.

అప్పట్లో ప్రింట్లు అద్దెకు కాదు, అమ్మకానికి. 395 అమ్ముడయ్యాయి. ప్రతి ప్రింటుకూ నెగెటివ్‌ను (కెమెరాలో తీసిన అసలు ఫిల్మును) ఖాళీ ఫిల్ముకు ఆనించి యంత్రంలో నడపాలి. నడిపినకొద్దీ గీతలు పడతాయి, అంచు రంధ్రాలు చిరుగుతాయి. నెగెటివ్ అరిగిపోతే కథంతా మళ్లీ తీయడమే, అలా మొదటిసారి కాక ఇంకో రెండుసార్లు తీశారు. అందుకే అన్ని కాపీలూ ఒకే షూటింగువి కాకపోవచ్చు.

ప్ర: మా షార్ట్ ఫిల్ములో ఛేజ్ చూసి, ఎవరు ఎటు పోతున్నారో తెలియడం లేదంటున్నారు. (హైదరాబాద్)

జ: రోవర్‌ను నాలుగైదుసార్లు చూడండి, ఇంతకంటే మంచి పాఠం లేదు. కుక్క కిటికీలోంచి దూకి, వీధి దాటి, ఏరు ఈది, ఒళ్లు దులుపుకుని, వరసగా తలుపులు వెతుకుతూ పాప దగ్గరికి చేరుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అవే చోట్లు, అదే కెమెరా కోణం, దిశ మాత్రం ఎదురు. మూడోసారి తండ్రిని వెంటబెట్టుకుని మళ్లీ అదే దారి. ఏటి దగ్గర ఆయన పడవ ఎక్కుతాడు. అప్పటికి దారి మనకు కంఠతా వచ్చేస్తుంది. ఒక్క అక్షరం చదవక్కర్లేదు. పాప దొరికాక మాత్రం నాలుగోసారి దారి చూపించరు, నేరుగా తల్లి ఒడిలోకి కట్ చేస్తారు. ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ కట్టే.

మీరు ట్రైపాడ్ ఒకచోట పెట్టాక పోయేదీ, వచ్చేదీ రెండూ తీసుకున్నాకే కదపండి. పొరపాటున రోడ్డుకు అవతలి పక్క నుంచి తీశారో, ముందుకు పోయేవాడు వెనక్కి వస్తున్నట్టు కనిపిస్తాడు. బహుశా మీ దగ్గర జరిగిందీ అదే. నీళ్లున్న సీనైతే దాటక ముందు షాట్లన్నీ పొడి బట్టలతో ముందే తీసేయండి, తడిశాక ఆరేదాకా ఆగాల్సి వస్తుంది.