చల్లదనాన్ని నమ్మి బ్లేడును నొక్కకండి

ఒడిశాలోని బరంపురం నుంచి ఈ మధ్యే లండన్ చేరిన ఒక తమ్ముడు అడిగిన సందేహమిది: "మన ఊళ్లో ఎప్పుడూ లేని మంట ఇక్కడ గడ్డం గీసుకున్న ప్రతిసారీ వస్తోంది. చల్లగా ఉండే మెంథాల్ సబ్బు కొంటే తగ్గుతుందా అన్నయ్యా?" పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి వచ్చిన పిల్లలూ ఇదే అడుగుతున్నారు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

మెంథాల్ చర్మాన్ని చల్లబరచదు. నరాల కొసల్లో చలిని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం ఉంటుంది. మెంథాల్ దాన్ని తట్టి లేపుతుంది, అంతే. వేడినీ చలినీ స్పర్శనూ పసిగట్టే ఇలాంటి గ్రాహకాలను కనిపెట్టినందుకే 2021లో డేవిడ్ జూలియస్‌, ఆర్డెమ్ పటపూటియన్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. చల్లగా అనిపిస్తున్నంతసేపూ బ్లేడు ఒరిపిడి మనకు తెలియదు. నేను వచ్చిన మొదటి చలికాలంలో ఘాటైన మెంథాల్ సబ్బు రాసుకుని, హాయిగా ఉంది కదా అని దవడ కింద ఒకే చోట నాలుగైదుసార్లు గీశాను. అరగంటకు ఆ చల్లదనం దిగిపోయాక చూసుకుంటే మెడంతా ఎర్రగా కంది, చొక్కా కాలరుకు రక్తపు చుక్కలు అంటుకుని ఉన్నాయి. అందుచేత చేయి కుదిరేదాకా మామూలు సబ్బే వాడండి. మెంథాల్‌ను వేసవికి ఉంచుకోండి.

మంటకు అసలు కారణం చాలావరకు నీళ్లే. లండన్ చుట్టుపక్కల నీరు సుద్దరాతి పొరల గుండా వస్తుంది కాబట్టి అందులో కాల్షియం ఎక్కువ. అది సబ్బుతో కలిసి తెట్టులా విరిగిపోతుంది, నురగ నిలవదు. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే పొర ఆ కాల్షియమే. రాత్రి నీళ్లు మరిగించి, చల్లార్చి, పైతేట వంచుకుని పొద్దున ఆ నీటితో నురగ చేయండి. తేడా మొదటి రోజే కనిపిస్తుంది. బ్రష్షును నానబెట్టి విదిలించి, సబ్బు మీద అర నిమిషం తిప్పి, ఆపైన నీటిని చుక్క చుక్కగానే కలపండి. నురగ పెరుగు మీగడలా మెరుస్తూ నిలవాలి. బుడగలు కనిపిస్తే నీళ్లు ఎక్కువైనట్టు లెక్క. గోరువెచ్చని నీటితో గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, రేజర్ బరువుతోనే, వెంట్రుకలు వాలిన దిక్కుకే గీయండి. ఉంగరాల వెంట్రుకలున్నవారు ఎదురు గీయకపోవడమే మేలు. తెగిన కొస చర్మంలోకి తిరిగి గుచ్చుకుని పొక్కులు లేస్తాయి. చివర చన్నీళ్లతో కడుక్కుంటే చాలు. ఇంటి నుంచి తెచ్చుకున్న పటికను చిన్న గాట్లకే అద్దండి, రోజూ ముఖమంతా రుద్దితే ఈ పొడి గాలికి చర్మం బిగుసుకుపోతుంది. సెలవులకు ఊరెళ్లేటప్పుడు విడి బ్లేడ్లు చేతిసంచిలో పెట్టకండి, చెకిన్ పెట్టెలో వేయండి.

ఇక సువాసనలు. సబ్బు మీద పేరు చూసి మోజుపడకండి. మంగలి షాపు పేరుతో వచ్చేవాటిలో సాధారణంగా లావెండరు, పౌడరు కలిసిన వాసన ఉంటుంది. బే రమ్ అనే పాతకాలపు సువాసనలో లవంగపు ఘాటు ఉంటుంది. 'సముద్రం' అన్నది ప్రయోగశాలలో కూర్చిన పరిమళమే, బరంపురం దగ్గరి గోపాలపురం ఒడ్డున వీచే గాలి అందులో దొరకదు. లవంగం, నిమ్మ నూనెల పరిమళాలు కొందరికి పడవు కనుక, కొత్త సబ్బును మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూశాకే ముఖానికి పెట్టండి.

ఊరి వాసన కావాలనిపించడం సహజం. మన గంజాం మొగలిపువ్వుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ఆ పువ్వుల నుంచి బట్టీ పట్టిన అత్తరు చిన్న సీసా నా బీరువాలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని గీసుకున్న చెంపలకు మాత్రం రాయను. వాసన లేని సబ్బుతో గడ్డం గీసుకుని, రుమాలు మడత లోపల ఒక్క చుక్క వేసుకుంటాను. మీరూ అలాగే చేయండి.