స్మోకీ మౌంటెన్స్‌ టవర్ దాకా మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఎక్కగలదా?

మీ అమ్మగారు అక్టోబరులో అట్లాంటా వస్తున్నారని, ఆవిడకి మోకాళ్ల నొప్పులని, స్మోకీ మౌంటెన్స్‌ నేషనల్ పార్కులో కొండ మీదున్న టవర్ ఎక్కగలరా అని అడిగారు. ఎక్కగలరు. ఆ టవర్‌కి మెట్లే లేవు. కష్టమంతా టవర్ దాకా నడిచే దారిలో ఉంది. ఆ సంగతి తెలియక మొదటిసారి మా అమ్మను బాగా ఇబ్బంది పెట్టాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ కొండ పేరు చూసుకోండి. చాలా చోట్ల ఇంకా క్లింగ్‌మన్స్ డోమ్ అనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో దానికి కువోహి అన్న పాత పేరు మళ్లీ పెట్టారు, అది అక్కడి మూలవాసులైన చెరోకీల భాషలోది. మల్బరీ చెట్లుండే చోటు అని అర్థం. చెరోకీలకు అది పవిత్రమైన కొండ. వాళ్ల పేరు వాళ్లకు తిరిగి రావడం నాకు చాలా సంతోషంగా అనిపించింది, మా అమ్మానాన్నలకు కూడా ఆ పేరుతోనే చెప్పాను.

శిఖరం ఎత్తు 6,643 అడుగులు, ఆ పార్కులో అదే అన్నిటికంటే ఎత్తు. పార్కు మధ్యలో ఉన్న న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ నుంచి 7 మైళ్లు వెళ్తే పార్కింగ్ వస్తుంది. అక్కడి నుంచి నడక అర మైలే. నేనూ 'అర మైలే కదా' అనుకున్నాను. కానీ ఆ అర మైలులోనే 330 అడుగులు పైకి ఎక్కాలి. తారు రోడ్డే, గుంటలు లేకుండా నున్నగానే ఉంటుంది, కానీ ఎక్కడా వాలు తగ్గదు. రెండో మలుపు దగ్గర అమ్మ నా భుజం పట్టుకుని ఆగిపోయి, "అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం గుర్తొస్తోందే" అంది. నేను కంగారులో "ఇంకొంచెమే అమ్మా" అంటూ నడిపించాను. అలా చెయ్యకండి. దారిలో బెంచీలున్నాయి, కనబడిన ప్రతి బెంచీ మీదా కూర్చోబెట్టండి. అంత ఎత్తులో ఆయాసం కూడా తొందరగా వస్తుంది. వీల్‌చెయిర్ ఆలోచన మాత్రం వద్దు, ఆ వాలుకి అది పనికిరాదు.

కూర్చున్నప్పుడు చూడ్డానికి చాలా ఉంది. చెట్ల మధ్య తెల్లగా ఎండిపోయిన మొద్దులు నిలబడి ఉంటాయి. కార్చిచ్చు వచ్చిందా అని అమ్మ అడిగింది. అవి ఫ్రేజర్ ఫర్ అనే సూదుల్లాంటి ఆకులుండే చెట్లు. యూరప్ నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు వాటికి పట్టి చంపేసిందని చెప్పాను. దూది అంటుకున్నట్టు తెల్లగా ఉంటుందనగానే, పత్తి చేలల్లో పెరిగిన మనిషి కదా, "పిండినల్లి లాంటిదన్నమాట" అంది. లేచి వెళ్లి, మొద్దు పక్కన మోకాలెత్తున లేస్తున్న పిల్ల మొక్క ఆకుల్ని వేళ్లతో నలిపి వాసన చూసింది. నాకూ చూపించింది, నిమ్మతొక్కలాంటి ఘాటు.

టవర్ 1959లో కట్టారు. 45 అడుగుల ఎత్తు, పైదాకా గుండ్రంగా తిరుగుతూ వెళ్లే కాంక్రీటు ర్యాంపు, దాని పొడవు 375 అడుగులు. ఇందాకటి దారి తర్వాత అది తేలిగ్గా అనిపిస్తుంది. గోడ పట్టుకుని నెమ్మదిగా నడిస్తే చాలు. పైన ఏ దిక్కున ఏ కొండ ఉందో చెప్పే బోర్డులు ఉంటాయి.

అయితే మేం వెళ్లిన రోజు మధ్యాహ్నం ఆ బోర్డులు తప్ప ఏమీ కనబడలేదు. మొత్తం మబ్బే. కింద గాట్లిన్‌బర్గ్‌లో మంచి ఎండ, పైన మా నాన్న మంకీ క్యాప్ మీద నీటి చుక్కలు. కింద ఊళ్లకంటే పైన 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లగా ఉంటుంది. కాబట్టి ఊరి వాతావరణం చూసి బయల్దేరకండి, శిఖరం వాతావరణం విడిగా చూడండి. స్వెట్టరు, శాలువా కారులో పెట్టుకోండి.

అంత కష్టపడి ఎక్కి ఏమీ చూడకుండా ఎలా పంపిస్తాను? మర్నాడు పొద్దున్నే ఎనిమిదిన్నరకల్లా మళ్లీ తీసుకెళ్లాను. ముందురోజు పార్కింగ్ కోసం అరగంట తిరిగాం, ఆ రోజు వెంటనే దొరికింది. కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి నీలంగా, దూరం వెళ్లేకొద్దీ పల్చబడుతూ కనిపించాయి. గాలి బాగా తేటగా ఉంటే వంద మైళ్ల దాకా చూడొచ్చంటారు, పొగమంచూ కాలుష్యమూ ఉన్న రోజుల్లో ఇరవై కూడా కష్టమే. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చల్లటి గోడ మీద రెండు చేతులూ ఆన్చి, "అక్కడ లోయలో తెల్లగా ఉన్నది నీళ్లా, మబ్బా?" అని అడిగింది. మబ్బే.

కొన్ని చిన్న విషయాలు. బాత్రూమ్‌లు పార్కింగ్ దగ్గరే ఉంటాయి, పైన ఉండవు. పార్కులోకి టికెట్ లేదు గానీ 15 నిమిషాల కంటే ఎక్కువసేపు కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి, మేం వెళ్లినప్పుడు రోజుకి 5 డాలర్లు. డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఆ 7 మైళ్ల రోడ్డు మూసేస్తారు, అక్టోబరు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. కాకపోతే ఆకులు రంగులు మారే నెల, జనం విపరీతంగా వస్తారు.

ఆ రోజు పొద్దున మీ అమ్మగారికి ఓపిక లేకపోతే బలవంతం చెయ్యకండి. పార్కింగ్ అంచు నుంచి కూడా లోయ బాగా కనబడుతుంది. రెండో రోజు మా నాన్న పైకి రాలేదు. అక్కడే గోడ మీద కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగుతూ గంటన్నర చూశారు.