కుట్టు మొదట్లోనే మిషను పట్టుబట్టను మింగేస్తుంటే ఏం చేయాలి?

"కొత్తగా జిగ్‌జాగ్ మిషను కొన్నాను. పట్టు జాకెట్టు కుట్టబోతే మొదలుపెట్టగానే అంచు సూది కింద ఉండే ప్లేటు లోపలికి పోతోంది, కింద దారం గూడు కడుతోంది. ఆ తర్వాత కుట్టు బాగానే పడుతోంది. రిపేరు అతను దారం బిగువు, అదే టెన్షను, మార్చాలంటున్నాడు, నిజమేనా?" అని ఒక చెల్లెలు అడిగింది.

టెన్షను జోలికి పోకు తల్లీ. కాస్త దూరం పోయాక కుట్టు బాగానే పడుతోందని నువ్వే రాశావు. టెన్షను చెడితే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చెడుతుంది గానీ మొదటి అరంగుళంలో మాత్రమే చెడదు. లోపం మిషనులో లేదు, మొదటి మూడు కుట్లు వేసే తీరులో ఉంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇరవై ఆరేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను, ఈ మాట గట్టిగా చెప్పగలను.

నాకు ఈ సంగతి మళ్ళీ తెలిసొచ్చింది తిత్లీ తుఫానప్పుడు. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద పడింది. చెట్లు, స్తంభాలు అన్నీ కూలిపోయి మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. దసరా చూస్తే వారంలో ఉంది. తుఫానుకి ముందే పాతపట్నం నుంచి ఒకావిడ వచ్చి బరంపురం పట్టుచీర జాకెట్టు ముక్క ఇచ్చి వెళ్ళింది. కూతురికి పెళ్ళయ్యాక తొలి దసరా, అల్లుడు వస్తున్నాడు. ముక్క చీర కొంగు పక్కనుంచి కోసింది. పాడైతే అలాంటిది ఇంకొకటి దొరకదు.

అప్పటికి నేను ఎనిమిదేళ్ళుగా మోటారు మిషను మీదే కుడుతున్నాను. పాత నల్ల తొక్కుడు మిషను మూలన పడి ఉండేది, ఎప్పుడైనా సంచులు కుట్టడానికి తీసేదాన్ని. ఆ రాత్రి దాన్ని ముందుకు లాగి, దుమ్ము తుడిచి, పక్కన కిరసనాయిలు లాంతరు పెట్టుకుని కూర్చున్నాను. భుజాలు కలిపేశాను. చేతులు తర్వాత వేద్దామని పక్క కుట్టు చంక దగ్గర మొదలుపెట్టాను. అంచుని సరిగ్గా సూది కింద పెట్టి, బట్టని నొక్కిపట్టే మిషను పాదం దించి, మోటారు పెడల్ నొక్కినట్టే ఒక్క తొక్కు తొక్కాను. చక్రం వెనక్కి తిరిగింది. కంగారుగా ఇంకోసారి తొక్కాను. కటకటమని శబ్దం వచ్చి మిషను బిగుసుకుపోయింది. చూస్తే చంక మూల మొత్తం ప్లేటు లోపల ఉంది.

అప్పుడు చేయకూడని పని చేశాను. లాగాను. పట్టు చిరిగిన చప్పుడు నాకు ఈరోజుకీ చెవిలో ఉంది.

మా వీధి చివర ఒక ఒడియా మావుసీ ఉండేది. నాకు కుట్టు నేర్పింది ఆవిడే. ఆ చీకట్లోనే వెళ్ళి పిలుచుకొచ్చాను. వస్తూనే నా చెయ్యి బట్ట మీంచి తీసేసి "ధీరే, ధీరే" అంది. ముందు పై దారం కత్తిరించింది. పాదం ఎత్తింది. చక్రాన్ని చేత్తో పట్టుకుని కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ ఊపి సూదిని పైకి తెచ్చి, ఊడదీసింది. కింద దారం చుట్టి ఉండే బాబిన్ కేసు బయటికి తీసింది. ప్లేటు మీది రెండు స్క్రూలూ విప్పి ప్లేటే ఎత్తేసింది. కింద ఉన్న దారం గూడుని బ్లేడు మొనతో ఒక్కో పోగూ కోస్తే బట్ట దానంతటదే ఊడి వచ్చింది. నేను లాగకుండా ఉంటే దానికి ఏమీ అయ్యేది కాదు. నేను లాగడం వల్ల చంక దగ్గర వేలెడు మేర పోగులు తెగిపోయాయి.

ఊడదీసిన సూదిని లాంతరు దగ్గర పెట్టి చూపించింది. పదహారు నంబరు, సంచులు కుట్టిన సూది, మొన మొద్దుబారి ఉంది. పల్చటి పట్టుకి పదకొండు వేయాలి, అదీ కొత్తది. మొద్దు సూది పోగుల మధ్య దూరలేక బట్టనే ముందు కిందికి తోస్తుంది.

మిగిలిన పీలికతో చంక ముక్క వేసి జాకెట్టు పూర్తిచేశాను. పాతపట్నం ఆవిడ వచ్చినప్పుడు దాచకుండా చూపించి, కూలి తీసుకోలేదు. "చెయ్యెత్తితే గానీ కనబడదు కదమ్మా, ఒగ్గెయ్" అంది. ఆవిడ ఒగ్గేసింది గానీ నేను ఒగ్గలేదు. చక్రం మీద చెయ్యి వేయకుండా ఆ రోజు నుంచి ఒక్క కుట్టు కూడా మొదలుపెట్టలేదు. ఇప్పుడు మోటారు మిషను మీద కుట్టినా అంతే.

నువ్వు చేయాల్సిందీ అదే. దారం ఎక్కించేటప్పుడు పాదం ఎత్తి ఉంచు. దించి ఎక్కిస్తే టెన్షను బిళ్ళలు మూసుకుని ఉండి దారం వాటి మధ్యలోకి దిగదు, కింద గూడు కట్టడానికి అదొక్కటే చాలు. తర్వాత కింద దారాన్ని పైకి తెచ్చుకుని, రెండు దారాలూ జానెడు పొడవు ఉండేలా పాదం కిందుగా వెనక్కి లాగి ఎడమచేత్తో పట్టుకో. గట్టిగా లాగక్కర్లేదు, జారకుండా పట్టుకుంటే చాలు. మొదటి కుట్టు పడేటప్పుడు ప్లేటు కింద తిరిగే షటిల్ పై దారాన్ని బాబిన్ కేసు చుట్టూ తిప్పుతుంది. కొస వదులుగా ఉంటే ఆ కొసే లోపలికి పోయి చిక్కుపడుతుంది, దాంతోపాటు బట్టనీ లాక్కుపోతుంది. ఇప్పుడు కుడిచేత్తో చక్రాన్ని నీ వైపుకి తిప్పి సూదిని బట్టలో దించు. అప్పుడే పాదం దించు. మూడు కుట్లు చేత్తోనే తిప్పి, ఆ తర్వాత పెడల్ తొక్కు.

సూదిని సరిగ్గా అంచు మీద ఎప్పుడూ దించకు. అక్కడ బట్టకి వెనక ఏ ఆధారమూ లేదు, కింద నుంచి బట్టని ముందుకు జరిపే పళ్ళకి అది చిక్కదు. పావు అంగుళం లోపల మొదలుపెట్టి, రెండు కుట్లు రివర్సులో అంచు దాకా వెళ్ళి మళ్ళీ ముందుకి రా. ఇంకా మంచి దారి ఒకటుంది. చిన్న కాటన్ పీలిక రెండు మడతలు వేసి దాని మీద కుట్టు మొదలుపెట్టు. దాని అంచు దాటగానే ఆపకుండా నీ పట్టుబట్టని దానికి ఆనించి పెట్టి కుట్టుకుంటూ పో. మిషను ఏది మింగినా పీలికనే మింగుతుంది. తర్వాత కత్తిరించేయొచ్చు. మరీ పల్చటి షిఫాన్ అయితే కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, అయ్యాక నెమ్మదిగా చింపేయి.

నీ జిగ్‌జాగ్ మిషనులో ఇంకో సంగతి ఉంది. దాని ప్లేటు రంధ్రం అడ్డంగా వెడల్పుగా ఉంటుంది, సూది అటూ ఇటూ ఆడాలి కదా. అంత సందు ఉంటే పట్టు దిగకేం చేస్తుంది? నీ మోడలుకి నేరుగా కుట్టే చిన్న రంధ్రం ప్లేటు దొరికితే కొనుక్కో. అది బిగించి ఉన్నప్పుడు మాత్రం జిగ్‌జాగ్ పెట్టకు, సూది విరుగుతుంది. ప్లేటు దొరక్కపోతే సూదిని ఎడమ చివరికి జరుపుకునే వీలుందేమో చూడు. రంధ్రం అంచుకి సూది దగ్గరవుతుంది, బట్టకి ఆసరా దొరుకుతుంది. మా నల్ల మిషనుకి ఈ బాధ లేదు, దాని రంధ్రం ఆవగింజంత.

ఇంతకీ నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, కుట్టు నేర్పేచోట ఇప్పుడు మొదటి రోజే మోటారు మీద కూర్చోబెడుతున్నారు. నా దగ్గరికి పనికి వచ్చే ఆడపిల్లల్ని చక్రం ఏ వైపు తిప్పాలని అడిగితే బిక్కమొహం వేస్తారు. మూడు నెలలు నేర్చుకుని వచ్చిన పిల్లలే అందరూ! తొక్కుడు మిషను మీద నెలరోజులు కాగితం మీద గీతలు కుట్టిస్తే చాలు, జీవితంలో బట్ట చిక్కుపడదు. మిషను ఏ క్షణంలో దారం లాగుతుందో అరచేతికి తెలుస్తుంది. పెడల్ నొక్కే కాలికి అది తెలియదు. అలాగే నీ రిపేరు అతనిలాంటి వాళ్ళు. నాకూ ఒకాయన షటిల్ మార్చాలని డబ్బు తీసుకుని మార్చాడు, వంకర సూది మాత్రం అలాగే ఉంచి పోయాడు. ముందు సూది మార్చి, ప్లేటు విప్పి పళ్ళ కింద పేరుకున్న పీచు బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే ఎవరికైనా చూపించు. కొబ్బరినూనె మాత్రం పోయకు, ఎండిపోయి జిగురవుతుంది, మిషను నూనే పోయాలి.

రేపు ఒక పీలికతో మొదలుపెట్టి చూడు. అప్పటికీ మింగితే సూది నంబరెంతో, ప్లేటు రంధ్రం ఎంత వెడల్పుందో ఇక్కడే రాయి చెల్లీ, చూసి చెబుతాను.