పాట ప్రచారానికి 3 లక్షల అప్పు చేయవచ్చా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హన్మకొండలో పిల్లలకు సంగీతం నేర్పుతూ, పెళ్లిళ్లలో పాడుతూ నెలకు సగటున రూ.34,000 సంపాదిస్తున్నాను. అమ్మకూ నాకూ కలిపి ఇంటి ఖర్చు రూ.24,000. బ్యాంకులో రూ.1.6 లక్షలు ఉన్నాయి. నేను బాణీ కట్టి, స్నేహితురాలితో రాయించిన మూడు పాటలు యూట్యూబులో ఉన్నాయి. వాటి మీద నెలకు రూ.900 దాకా వస్తోంది. నిరుడు పాడిన పెళ్లిళ్లలో సగం ఇన్‌స్టాగ్రామ్‌లో నా రీల్స్ చూసి పిలిచినవే. ఒక ప్రచార సంస్థ రూ.3 లక్షలిస్తే 10 లక్షల వ్యూస్ గ్యారంటీ అంటోంది. బ్యాంకు 14 శాతం వడ్డీకి అప్పు ఇస్తానంటోంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. మీ పాట మీద నమ్మకం లేక కాదు, లెక్క కుదరక చెబుతున్నాను. మూడేళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు రూ.10,250 పడుతుంది. వడ్డీయే రూ.69 వేలు దాటుతుంది. ఖర్చులు పోను మీకు మిగిలేది రూ.10,000. అంటే మిగులంతా ఊడ్చి ఇచ్చినా వాయిదా పూర్తి కాదు. పైగా మీది నెలనెలా ఒకేలా వచ్చే జీతం కాదు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఆగుతాయి. బ్యాంకు వాయిదాకు మూఢం ఉండదు.

అసలు ఆ 10 లక్షల వ్యూస్ ఎక్కడి నుంచి తెస్తారు? శ్రోతలు ఎంతమంది వస్తారో ఎవరూ ముందే చెప్పలేరు. కాబట్టి గ్యారంటీ ఇచ్చారంటే ప్రకటనలు కొనాలి, లేదా దొంగ ఖాతాలతో నడిపించాలి. ప్రకటనలైతే గూగుల్ దగ్గర మీరే నేరుగా కొనుక్కోవచ్చు, మధ్యలో ఇంకొకరు ఎందుకు? దొంగ ఖాతాల వ్యూస్‌ను యూట్యూబ్ పసిగడితే తీసేస్తుంది. స్పాటిఫైలో అయితే పాటను అక్కడికి చేర్చిన డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా పడుతుంది, అది తిరిగి మీ మెడకే చుట్టుకోవచ్చు.

అనుమానం తీరాలంటే ఆ సంస్థను ఒకటి అడగండి. పాత ఖాతాదారుల్లో ఒకరి యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ సోర్స్ పేజీ (వ్యూస్ ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పేది) చూపించమనండి. అందులో సింహభాగం 'యూట్యూబ్ అడ్వర్టైజింగ్' అని ఉంటే విషయం తేలిపోయినట్టే. రిటెన్షన్ గీత కూడా చూపించమనండి, జనం ఎంతసేపు చూశారో అది చెబుతుంది. అది మొదట్లోనే నిలువునా కిందికి జారితే, పల్లవి పూర్తయ్యేలోపే జనం లేచిపోయారని అర్థం. చూపించడానికి నసిగితే అక్కడితో ఫోను పెట్టేయండి.

మీలా పాటలు పెట్టినా, ఇంకా ఆదాయం మొదలుకానివాళ్లకు ఒక మాట. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్). డబ్బిచ్చి నడిపిన ప్రకటనల వల్ల వచ్చిన గంటలు ఆ 4,000లో కలపరు.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యం, సగం పెళ్లిళ్లు రీల్స్ చూసి వచ్చాయన్నది. మీ ప్రచారానికి రాబడి అక్కడుంది, నెలకు వచ్చే 900లో కాదు. ఎక్కడో ఉన్న లక్షమంది చూసినా మీకు పిలుపు రాదు. ఇంట్లో పెళ్లి పెట్టుకున్న వరంగల్, కరీంనగర్ కుటుంబాలు రెండు వందలు చూస్తే వస్తుంది. శ్రావణం ముహూర్తాలకు ఏర్పాట్లు ఆషాఢంలోనే మొదలవుతాయి, మీకు ఖాళీ కూడా అప్పుడే. ఆ రోజుల్లో మీ మంచి రీల్ ఒకదాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనగా పెట్టి, ఆ జిల్లాలకే పరిమితం చేసి, రోజుకు రూ.500 చొప్పున అయిదు రోజులు నడపండి. 18 శాతం జీఎస్టీతో రూ.2,950 అవుతుంది. లైకులు లెక్కపెట్టకండి. ఎన్ని ఫోన్లు వచ్చాయో, ఎన్ని అడ్వాన్సులు పడ్డాయో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక్క కార్యక్రమమైనా ఖాయమైతే మళ్లీ చేయండి. రెండుసార్లు చేసినా ఏమీ రాకపోతే డబ్బు పెంచకండి, రీల్ మార్చండి.

ఈ డబ్బు ఎక్కడిదంటే, మీ రూ.1.6 లక్షల్లో ఆరు నెలల ఇంటి ఖర్చు రూ.1.44 లక్షలు విడిగా స్వల్పకాలిక డిపాజిట్‌లో పెట్టండి. దాన్ని అమ్మ ఆసుపత్రి ఖర్చుకో, పని లేని నెలకో తప్ప తీయకూడదు. మిగిలిన రూ.16,000 ఈ ఏడాది ప్రచార నిధి. నెల మిగులులోంచి రూ.2,000 దానికి జమ చేయవచ్చు. ఇద్దరికీ ఆరోగ్య బీమా లేకపోతే మాత్రం ముందు దాని ప్రీమియం కట్టి, ఆ తర్వాతే ప్రచారం గురించి ఆలోచించండి.

ఇక డబ్బు ఖర్చు కాని పనులు. సాహిత్యం రాసిన స్నేహితురాలికి వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి, పాట పేరు తెచ్చుకున్నాక రాసుకోవడం కష్టం. స్వరకర్తగా మీరు, రచయితగా ఆమె ఐపీఆర్‌ఎస్‌లో (స్వరకర్తలకు, రచయితలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం) సభ్యత్వానికి దరఖాస్తు చేయండి. అమెరికాలోని తెలుగువాళ్లు మీ పాటలు చూస్తుంటే ఆ ఆదాయం మీద అక్కడ పన్ను కోత ఉంటుంది. యూట్యూబ్ డబ్బు చేతికందే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతాలో పన్ను వివరాలు నింపారో లేదో చూసుకోండి. నింపకపోతే కోత ఇంకా పెరుగుతుంది. ప్రకటనల బిల్లులన్నీ దాచండి, రిటర్నులో పాట మీద ఆదాయానికి ఎదురు ఖర్చుగా చూపడానికి పనికొస్తాయి.